శ్రీకాకుళం హాస్పిస్ సేవ: గోడ మీది సర్టిఫికెట్టు, రెండు తాళాల బీరువా, రాత్రి పదకొండింటి ఫోను

శ్రీకాకుళం ఊరి చివర పది మంచాల వార్డు, ఆవరణలో రెండు జీపులు, గేటు మీద ‘హాస్పిస్ అండ్ పాలియేటివ్ కేర్’ అన్న బోర్డు. నయం కాని జబ్బుల్లో, చివరి రోజుల్లో నొప్పీ బాధా తగ్గించి చూసుకునే సేవ అన్నమాట. ఒక ప్రైవేటు ఆసుపత్రికి అనుబంధంగా నడిచే ఈ సేవలో వార్డు చిన్న భాగమే. అసలు పనంతా ఇళ్ళ దగ్గర. సోమవారం నుంచి శనివారం దాకా జీపు రోజుకో రూటు తిరుగుతుంది. ఇటు టెక్కలి, పలాస, కవిటి. అటు రాజాం, చీపురుపల్లి, గరివిడి. క్యాన్సరు నయమయ్యే దశ దాటినవాళ్ళు, డయాలసిస్ వద్దనుకున్న లేదా తట్టుకోలేని కిడ్నీ రోగులు, పక్షవాతంతో మంచాన పడ్డ పెద్దవాళ్ళు వీళ్ళ లిస్టులో ఎక్కువ. విజిట్‌కు గానీ, తీవ్రమైన నొప్పికి వాడే మార్ఫిన్‌కు గానీ డబ్బు తీసుకోరు.

సంస్థ పేరు రాయడం లేదు. కింద లోపాలు కూడా రాస్తున్నాం, వాటిలో కొన్నింటిని సరిచేసే పనిలో వాళ్ళు ఉన్నారు. పైగా ఇక్కడ వాడిన కొలతలు విజయనగరంలోనో విశాఖలోనో మరో హాస్పిస్‌ను చూడబోయేవాళ్ళకు కూడా అక్షరాలా పనికొస్తాయి.

రిసెప్షన్ దగ్గర గోడకు ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసి గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ఉంది. జీపు తలుపు మీద కూడా ఆ లోగోయే. అది ఎవరి సర్టిఫికెట్టో దగ్గరికెళ్ళి చదవాలి. ఇది మాతృసంస్థ అయిన ఆసుపత్రికి ఇచ్చింది. ప్రతి సర్టిఫికెట్టుకూ వెనక ‘స్కోప్’ అనే జాబితా ఉంటుంది, ఏయే విభాగాలను చూసి గుర్తింపు ఇచ్చారో అందులో ఉంటుంది. ఆ జాబితాలో జనరల్ మెడిసిన్ ఉంది, సర్జరీ ఉంది, ఎమర్జెన్సీ ఉంది. ఇంటికి వెళ్ళి చేసే సేవ లేదు, వేరే ఆవరణలో ఉన్న ఈ పది మంచాలూ లేవు. అంటే జీపు మీద ఆ లోగో ఉండకూడదు. అడిగితే దాచకుండా చెప్పారు, తీయించేస్తామన్నారు. కానీ చేర్చడానికి వచ్చే కుటుంబంలో స్కోప్ కాగితం అడిగేవాళ్ళు ఎందరుంటారు? లోగో చూసి ‘గుర్తింపు ఉందిలే’ అనుకుని సంతకం పెట్టేస్తారు. మొదట అడగాల్సిన కాగితం అదే.

పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్ళలో ఈ ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది: ‘నాన్నను చేర్చే చోటు అక్రెడిటెడేనా?’ అమెరికాలో ఆ ప్రశ్నకు బలం ఉంది. అక్కడ హాస్పిస్‌కు డబ్బు ప్రధానంగా పెద్దవాళ్ళకు ప్రభుత్వం నడిపే బీమా మెడికేర్ నుంచి వస్తుంది, షరతులు పాటించని సంస్థకు ఆ డబ్బు ఆగిపోతుంది. ఆ షరతులు కూడా గంటల్లో, రోజుల్లో కొలిచేవి. సంతకం పెట్టిన 48 గంటల్లో నర్సు వచ్చి తొలిసారి చూడాలి, 5 రోజుల్లో పూర్తి అంచనా అయిపోవాలి, డాక్టరు, నర్సు, సోషల్ వర్కరు, ఆధ్యాత్మిక సలహాదారు కలిసి కనీసం 15 రోజులకోసారి ప్లాన్ తిరగరాయాలి. స్నానం చేయించే సహాయకుల పనిని 14 రోజులకోసారి నర్సు పరిశీలించాలి. రోగి పోయాక ఏడాది దాకా కుటుంబానికి ఓదార్పు సేవ అందాలి. కనీసం 36 నెలలకోసారి తనిఖీ జరుగుతుంది. ఆ తనిఖీని రాష్ట్రం తరఫు వాళ్ళు చేయొచ్చు, జాయింట్ కమిషన్, చాప్, ఏసీహెచ్‌సీ లాంటి గుర్తింపు సంస్థలూ చేయొచ్చు. రోగి చనిపోయిన కొన్ని వారాలకు కుటుంబానికి ప్రశ్నాపత్రం వెళ్తుంది, ఆ జవాబులను బయటపెడతారు కూడా.

మన దగ్గర హాస్పిస్‌కు డబ్బిచ్చే మెడికేర్ లేదు, ఎక్కువగా దాతలే ఇస్తారు. ఎన్‌ఏబీహెచ్ గుర్తింపు స్వచ్ఛందం, తీసుకోకపోయినా హాస్పిస్ నడపొచ్చు. కాబట్టి అమెరికా నుంచి వచ్చిన ప్రశ్నను ఇక్కడ రెండుగా విడగొట్టి అడగాలి. చట్టం ప్రకారం తప్పనిసరి కాగితాలు ఉన్నాయా? స్వచ్ఛందంగా ఏ ప్రమాణాన్ని నెత్తిన పెట్టుకున్నారు, దాన్ని మంచం దగ్గర పాటిస్తున్నారా?

తప్పనిసరి కాగితాలు చూడటానికి పది నిమిషాలు చాలు. మంచాలున్న ప్రైవేటు సంస్థ ఏదైనా 2002 నాటి రాష్ట్ర చట్టం కింద జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసులో రిజిస్టరై ఉండాలి, ఆ పత్రం అందరికీ కనిపించేలా పెట్టాలి. ఇక్కడ ఉంది, గడువు దాటలేదు. ఆసుపత్రి చెత్తకు 2016 నాటి నియమాలున్నాయి: కట్లు, దూది పసుపు సంచిలోకి, ట్యూబులు ఎరుపులోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, గాజు నీలంలోకి. ఏజెన్సీ బండి వచ్చి తీసుకెళ్ళిన తేదీలు లాగ్‌బుక్కులో ఉన్నాయి. ఇళ్ళ దగ్గర వాడిన సూదులను నర్సులు డబ్బాలో వేసుకుని వెనక్కి తెస్తున్నారు, చాలాచోట్ల ఇది పెరట్లోకి పోతుంది. కాబట్టి ఇది చిన్న మంచి కాదు.

ఎక్కువ సేపు చూడాల్సింది మార్ఫిన్ అనుమతి. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించకముందు మార్ఫిన్ తెచ్చి పెట్టుకోవాలంటే వేర్వేరు శాఖల దగ్గర వేర్వేరు లైసెన్సులు. ఒకటి చేతికొచ్చేలోపు ఇంకోదాని గడువు తీరిపోయేది. నొప్పితో కేకలు పెట్టే రోగికి పారాసిటమాల్ ఇచ్చి పంపిన కాలం అది. సవరణ తర్వాత మార్ఫిన్, ఫెంటనిల్, మెథడోన్, కోడీన్, ఆక్సీకోడోన్, హైడ్రోకోడోన్ ఈ ఆరింటిని అత్యావశ్యక మాదక ఔషధాలుగా గుర్తించి, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోలర్ ఒక్కరే సంస్థకు గుర్తింపు ఇచ్చే పద్ధతి పెట్టారు. దాన్నే ఆర్‌ఎంఐ అంటారు, గుర్తింపు పొందిన వైద్య సంస్థ అన్నమాట. శిక్షణ పొందిన డాక్టరు లేకుండా అది రాదు. మా దృష్టిలో ఈ జిల్లాలో హాస్పిస్‌కు అన్నిటికన్నా విలువైన కాగితం ఇది. ఎన్‌ఏబీహెచ్ లేకపోయినా ఆర్‌ఎంఐ ఉన్న చోటు మంచి హాస్పిస్ కావచ్చు. ఆర్‌ఎంఐ లేని చోట ఎన్ని సర్టిఫికెట్లున్నా క్యాన్సరు నొప్పికి సరైన మందు ఉండదు.

ఇక్కడి మార్ఫిన్ బీరువాకు రెండు తాళాలు. ఒక తాళంచెవి సీనియర్ నర్సు దగ్గర, రెండోది డాక్టరు దగ్గర. రెండూ పడితేగానీ తెరుచుకోదు. పక్కనే నల్ల అట్ట రిజిస్టరు. తేదీ, ముందున్న నిల్వ, వచ్చింది, ఇచ్చింది, ఎవరికి, మిగిలింది, ఇద్దరి సంతకాలు. కొట్టివేత ఉన్నచోట ఒకే గీత, కింద అసలు అంకె కనబడుతోంది, పక్కన సంతకం. వైట్‌నర్ మరక ఎక్కడా లేదు. మేం 10 మిల్లీగ్రాముల స్ట్రిప్పులు లెక్కపెట్టించాం, రిజిస్టరుకు సరిపోయాయి. రోగి పోయాక ఇంట్లో మిగిలిన మాత్రలు వెనక్కి తెచ్చిన ఎంట్రీలు కూడా ఎర్రసిరాతో విడిగా ఉన్నాయి. ఈ చివరి కాలమ్ చూస్తే ఒక సంస్థ ఎంత జాగ్రత్తగా ఉందో తెలుస్తుంది. మందు ఇవ్వడం అందరూ రాస్తారు, తిరిగి తేవడం రాసేవాళ్ళు తక్కువ. ఒక్క లోపం: ఆదివారాలు డాక్టరు ఊళ్ళో లేకపోతే రెండో తాళంచెవి ఉండదు. శనివారం సాయంత్రమే రెండు రోజుల మోతాదు బయట పెడుతున్నారు. ఆదివారం వార్డులో కొత్త రోగి చేరితే ఏం చేస్తారన్న దానికి సరైన జవాబు రాలేదు. శిక్షణ పొందిన రెండో డాక్టరును నియమించి, పేరు అనుమతిలో చేర్పించుకుంటే తీరిపోయే సమస్య.

ఇక స్వచ్ఛంద ప్రమాణాలు. ఎన్‌ఏబీహెచ్ ఆసుపత్రి ప్రమాణాల ఆరో ఎడిషన్ 2025 నుంచి అమల్లో ఉంది. పది అధ్యాయాలు, 100 ప్రమాణాలు, 639 అంశాలు. 50 మంచాల లోపు సంస్థలకు వేరే చిన్న పుస్తకం ఉంది, ఈ హాస్పిస్ దాని కింద విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. తనిఖీకి వచ్చేవాళ్ళు గదులు చూసి వెళ్ళిపోరు. ఒక రోగి కేసు షీటు తీసి, ఆ మనిషి గేటు దాటిన దగ్గర్నుంచి ఎవరు చూశారు, ఏ గంటకు ఏ మందు పడింది, ఆ నర్సుకు ఆ పనిలో శిక్షణ ఉందా, ఆ మందు ఏ బీరువా నుంచి వచ్చింది, ఇలా తీగ లాగుతూ పోతారు. నొప్పి నివారణ, అంత్యదశ సంరక్షణ ఆ ప్రమాణాల్లో ఉన్నాయి. కానీ ఆ పుస్తకం ఆసుపత్రి కోసం రాసింది. దాన్ని హాస్పిస్ మీద యథాతథంగా మోపితే ఏమవుతుందో ఇక్కడి నోటీసు బోర్డు చూపిస్తోంది. నెలవారీ సూచికలని చార్టులు అంటించారు: చేతులు కడిగిన శాతం, మంచం మీంచి పడిపోయిన ఘటనలు, మంచాలు నిండిన శాతం. అన్నీ కావలసినవే. హాస్పిస్ అసలు పని మాత్రం ఆ బోర్డు మీద ఒక్క గీతలో కూడా లేదు. వచ్చినప్పుడు పదికి 7 దాటి నొప్పి ఉన్నవాళ్ళలో రెండు రోజుల్లో ఎందరికి 4 కిందకు దిగింది? మార్ఫిన్ అయిపోయిన రోజులు నెలలో ఎన్ని? రాత్రి ఎన్ని ఫోన్లొచ్చాయి, ఎన్నింటికి ఎవరైనా కదిలి వెళ్ళారు? ఇంట్లోనే కన్నుమూయాలనుకున్నవాళ్ళలో ఎందరికి ఆ కోరిక తీరింది? ఈ నాలుగు అంకెలు బోర్డెక్కితే మిగతా చార్టులు తర్వాత చూడొచ్చు.

ఈ లోటు పూడ్చేది ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ వాళ్ళ ప్రమాణాల జాబితా. తప్పక ఉండాల్సినవి, ఉంటే మంచివి అని రెండు వరసలు. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ ఎడతెగకుండా దొరకడం, దాని లెక్క, రోగిని శరీరంతోపాటు మనసు, కుటుంబం, డబ్బు ఇబ్బందులు అన్నిటితో కలిపి అంచనా వేయడం, రోగుల మధ్య నిలబడి శిక్షణ పొందిన డాక్టరూ నర్సూ ఉండడం, కుటుంబానికి నేర్పడం, సిబ్బంది అలసిపోకుండా చూసుకోవడం లాంటివి అందులో ఉన్నాయి. సంస్థ తనను తాను కొలుచుకోవడానికి అది సరిపోతుంది. వీళ్ళ ఫైళ్ళలో ఆ జాబితా నింపిన కాగితం ఉంది, కానీ ఏడాదిన్నర కిందటిది. ఏటా నింపాలి.

మంచం దగ్గరి పని దగ్గరకొస్తే ఈ సేవ చాలా మంచిది. ఒక ఇంటి విజిట్‌లో నర్సు నొప్పిని అడిగిన తీరు చెప్పాలి. పదికి ఎంత అని అడిగితే ఆ పెద్దావిడకు అర్థం కాలేదు. ‘అమ్మా, రూపాయి నొప్పి అనుకో, అందులో ఎన్నణాలుంది?’ అంది నర్సు. ‘పన్నెండణాలుందే తల్లీ’ అని వెంటనే జవాబు. కేసు షీటులో పదికి 7.5 అని పడింది. తర్వాతి ప్రశ్న ఇంకా ముఖ్యం: ‘సలుపా, పోటా, మంటా, కరెంటు షాకు కొట్టినట్టా?’ సలుపు, పోటు అయితే మార్ఫిన్ బాగా పట్టుకుంటుంది. మంట, షాకు అంటే నరం దెబ్బతిన్న నొప్పి, దానికి అమిట్రిప్టిలిన్‌నో గాబాపెంటిన్‌నో జోడించాలి. అది అడగకుండా మార్ఫిన్ పెంచుకుంటూ పోతే మనిషి మత్తులో పడతాడు, మంట అలాగే ఉంటుంది. ఒక్క ‘నొప్పి’ అనే మాటతో కేసు షీటు నింపేసే చోట జరిగే తప్పు ఇదే. ఇక్కడి కేసు షీట్లలో నొప్పికి బొమ్మ గీసి, ఎక్కడ ఏ రకమో రాస్తున్నారు.

మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి. ఉదయం ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పదింటికి రెట్టింపు. ఆ రెట్టింపు వల్ల అర్ధరాత్రి రెండింటికి లేపాల్సిన పని ఉండదు. బలహీనంగా ఉన్న పెద్దవాళ్ళకు 2.5 నుంచి 5 మిల్లీగ్రాములతో మొదలు. మధ్యలో నొప్పి తన్నుకొస్తే వేయడానికి విడిగా ఒక మోతాదు రాసిపెడతారు, అది రోజు మొత్తంలో ఆరో వంతు ఉంటుంది. చదువు రాని ఇంట్లో సూర్యుడు, సగం సూర్యుడు, చంద్రుడు గీసిన అట్టముక్క గోడకు అంటించి, దాని పక్కనే ఆ పూట మాత్రను టేపుతో అతికించి చూపిస్తున్నారు. (ఇవి ఎవరికి వారు వేసుకోవడానికి రాసిన మోతాదులు కావు. మీ ఇంట్లో ఇచ్చిన చీటీ ఈ పద్ధతిలో ఉందో లేదో చూసుకోవడానికి రాస్తున్నాం.)

ఏ హాస్పిస్‌నైనా అరనిమిషంలో పరీక్షించే కిటుకు ఒకటుంది: మార్ఫిన్ రాసిన చీటీలో విరేచనం మాత్ర కూడా ఉందా? మార్ఫిన్ తెచ్చే వికారం వారంలో తగ్గిపోతుంది, మత్తూ తగ్గుతుంది. మలబద్ధకం మాత్రం తగ్గదు, మందు ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. బిసకోడిల్ లాంటి మాత్ర మొదటి రోజు నుంచే పడాలి. పడకపోతే ఏం జరుగుతుందంటే, గట్టిపడిన మలం అడ్డం పడి, దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంది. ఇంట్లోవాళ్ళు విరేచనాలనుకుని ఆగే మాత్ర వేస్తారు. కడుపు బిగుసుకుపోతుంది, వాంతులు మొదలవుతాయి, ఆఖరికి ‘ఆ మార్ఫినే పడలేదు’ అని మానేస్తారు. మేం తీసిన ప్రతి ఫైల్లోనూ విరేచనం మందు ఉంది, ప్రతి విజిట్‌లోనూ ఆఖరిసారి ఎప్పుడు వెళ్ళారన్న గడి నింపి ఉంది.

ఉద్దానం రోగుల విషయంలో ఈ సేవ ఎక్కువ మార్కులు కొట్టేసింది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను తినేసిందో ఈ జిల్లాలో చెప్పక్కర్లేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచాక డయాలసిస్‌కు దూరం తగ్గింది. అయినా వయసు మీదపడి, గుండె బలహీనమై డయాలసిస్ తట్టుకోలేనివాళ్ళకు కావాల్సింది ఉపశమనమే. వీళ్ళ దగ్గర క్యాన్సరు రోగికి పనికొచ్చిన చీటీనే రాసేస్తే ప్రమాదం. మార్ఫిన్ శరీరంలో విడిపోయాక మిగిలే పదార్థాలు కిడ్నీ ద్వారా బయటికి పోవాలి. పోకపోతే పేరుకుపోయి మత్తు, చేతులు కాళ్ళు ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం, ఆఖరికి ఊపిరి మందగించడం. మందుల షాపులో చేతికిచ్చే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్ మిగిలిన కాస్త కిడ్నీని కూడా పాడుచేస్తుంది. ఇక్కడ రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) పెరిగిన ప్రతి కేసు షీటు మీదా ఎర్ర స్టిక్కరు: ‘మార్ఫిన్ వద్దు, డైక్లో వద్దు’. పారాసిటమాల్‌తో మొదలుపెట్టి, సరిపోకపోతే చర్మానికి అంటించే ఫెంటనిల్ పట్టీ. ఒళ్ళంతా దురదకు గాబాపెంటిన్ చాలా చిన్న మోతాదులో. ఏ ప్రమాణాల పుస్తకంలోనూ ‘ఉద్దానం’ అన్న మాట ఉండదు. చూస్తున్న ఊరి జబ్బును బట్టి తమ రూలు తామే రాసుకోవడం నాణ్యతలో పెద్ద మెట్టు.

ఫెంటనిల్ పట్టీ గురించి ఇంట్లోవాళ్ళకు మూడు సంగతులు చెప్పాలి, ఇక్కడి నర్సులు రెండే చెబుతున్నారు. పట్టీ మూడు రోజులకోసారి మార్చాలి, అంటించగానే పనిచేయదు, పన్నెండు గంటల పైనే పడుతుంది కాబట్టి ఆలోపు వేరే మందు ఉండాలి. ఇవి చెప్పారు. పట్టీ మీద వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ దిగుతుందన్నది చెప్పలేదు. వీపు నొప్పికి వేడినీళ్ళ సంచి కాపడం పెట్టడం, ముసలివాళ్ళను ఉదయం ఎండలో కూర్చోబెట్టడం మన ఇళ్ళలో మామూలు. ఇది అట్టముక్క మీద రాసి ఇవ్వాల్సిందే. పట్టీల నిల్వ కూడా పలచగా ఉంది, ఖరీదు వల్ల దాతల డబ్బు వచ్చినప్పుడు కొంటున్నారు.

పడక పుండ్ల పని బాగుంది. రెండు గంటలకోసారి పక్క మార్చడం కోడలికి చేసి చూపించి, ఆవిడ చేత చేయించి, మళ్ళీ వచ్చినప్పుడు చూస్తున్నారు. కుళ్ళు వాసన వచ్చే క్యాన్సరు పుండ్ల మీద మెట్రోనిడజోల్ మాత్రలు పొడి చేసి చల్లుతున్నారు. మందు చవక, కానీ వాసన పోతే మనవలు మళ్ళీ మంచం దగ్గరికొస్తారు.

ఆక్సిజన్ దగ్గర మాత్రం సిద్ధంగా లేరు. గాలి నుంచి ఆక్సిజన్ తీసే కాన్సంట్రేటర్ మిషన్లు డిపాజిట్టు మీద ఇళ్ళకిస్తున్నారు. అయిదు లీటర్ల మిషను మూడు వందల వాట్ల పైనే లాగుతుంది, ఫ్యాను కోసం పెట్టుకున్న ఇంటి ఇన్వర్టరు దాన్ని ఎంతో సేపు మోయలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో కరెంటు రోజుల తరబడి లేదు. ఈ తీరంలో అది మళ్ళీ రాదనుకోవడానికి వీల్లేదు. మిషను ఇచ్చే ప్రతి ఇంటికీ ఒక బి-టైప్ సిలిండరు తోడుగా ఉండాలి. నిండా ఉన్నది సుమారు 1,500 లీటర్లు, నిమిషానికి 2 లీటర్ల లెక్కన పన్నెండు గంటల పైచిలుకు వస్తుంది. రెగ్యులేటరు తిప్పడం ఇంట్లో ఇద్దరికి నేర్పాలి. తుపాను హెచ్చరిక రాగానే ఏ రూటులో ఎవరి దగ్గర మిషనుంది, ఎవరి మార్ఫిన్ ఎన్ని రోజులకుంది అన్న జాబితా తీసి, వారానికి సరిపడా ముందే చేర్చాలి. విపత్తు ప్లాన్ అడిగితే ఫైలు చూపించారు. అందులో మంటలార్పే సిలిండర్లున్నాయి, మాక్ డ్రిల్ ఫోటోలున్నాయి, తుపాను లేదు.

అన్నిటికన్నా పెద్ద లోపం రాత్రి ఫోను. కరపత్రంలో ‘24 గంటలూ’ అని ఉంది. రాత్రి తొమ్మిది దాటాక ఆ నంబరు మాతృసంస్థ క్యాజువాలిటీకి మళ్ళుతుంది. అక్కడి డ్యూటీ డాక్టరుకు ఈ రోగి ఎవరో తెలియదు, కేసు షీటు అక్కడ ఉండదు. చెప్పేది ఒకటే: ‘తీసుకొచ్చేయండి.’ కవిటి నుంచి రెండు గంటల పైన ప్రయాణం. ఇంట్లోనే పోవాలని కోరుకున్న మనిషి అంబులెన్సులో పోతాడు. హాస్పిస్‌లో చివరి రోజుల సంక్షోభాలు రాత్రిపూటే ఎక్కువనిపిస్తాయి: ఊపిరి ఆడకపోవడం, గొంతులో గురగుర, ఒక్కసారిగా కంగారు. వీటికి ముందే ఇంట్లో ఒక చిన్న మందుల పెట్టె సిద్ధంగా ఉంచి, ఏది ఎప్పుడు ఇవ్వాలో చీటీ రాసి, ఫోన్లో నర్సు ధైర్యం చెబితే చాలావరకు ఇంట్లోనే సర్దుకుంటాయి. గురగుర శబ్దం వింటే చుట్టూ ఉన్నవాళ్ళకు ప్రాణం పోతున్నంత బాధ, రోగికి అది చాలావరకు తెలియదు. పక్కకు తిప్పి పడుకోబెట్టమని చెప్పడానికి ఒక మనిషి గొంతు కావాలి. ఆరుగురు నర్సులున్న సంస్థ వంతులవారీగా ఒక మొబైల్ తిప్పుకోగలదు. జాబితాలోని రోగుల ఒక పేజీ సారాంశం ఆ ఫోన్లో ఉంటే చాలు. డబ్బు సమస్య కాదిది, పట్టింపు సమస్య. ఇది మారేదాకా ఈ సేవకు మేం పూర్తి మార్కులివ్వలేం.

భాష గురించి ఒక మాట. రోగి హక్కుల పత్రం, అంగీకార పత్రం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్ళున్నారు, కొండ దిగి వచ్చే సవర కుటుంబాలున్నాయి. రోగికి తెలిసే భాషలో చెప్పాలన్నది ఎన్‌ఏబీహెచ్ అడిగే సంగతే. ఒడియా పత్రం అచ్చు వేయించడం ఒక వారం పని. సవరకు పత్రం కన్నా మనిషి కావాలి, ఆ ఊరి ఆశా కార్యకర్తనే తోడు తీసుకెళ్తే సరి.

చివరి రోజుల్లో వెంటిలేటరు వద్దని ముందే రాసిపెట్టుకోవడానికి సుప్రీంకోర్టు 2018లో దారి చూపింది, 2023 జనవరిలో దాన్ని సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు, మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్ళక్కర్లేదు. ఇక్కడి డాక్టరు గారు ఈ మాట రోగితోనే, తొందరపెట్టకుండా, రెండు మూడు విజిట్లలో మాట్లాడుతున్నారు. ‘మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది?’ అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నారు. కొడుకులు ‘నాన్నకు చెప్పొద్దు’ అంటే వాళ్ళను కసరకుండా, నాన్నకు ఇప్పటికే ఎంత తెలుసో వాళ్ళ ముందే అడిగించడం ఈ సేవలో మేం చూసిన మంచి అలవాట్లలో ఒకటి. పెద్దకర్మ అయ్యాక ఒకసారి ఫోను చేసి పలకరిస్తున్నారు. అక్కడితో సరి. మూడో నెల, ఆర్నెల్లకు ఇంకోసారి అడగాలి, మందులూ రాకపోకలూ ఆగిపోయి ఇల్లు నిశ్శబ్దమయ్యేది అప్పుడే.

క్యాన్సరు నొప్పితో ఉన్న మనిషికి, ఉద్దానం కిడ్నీ రోగికి ఈ సేవ తీసుకోమనే చెబుతాం. శ్రీకాకుళం, ఆమదాలవలస, నరసన్నపేట చుట్టుపక్కలైతే సందేహం లేకుండా తీసుకోవచ్చు. ఇచ్ఛాపురం వైపు వాళ్ళు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు రాత్రి సంగతి ముందే తేల్చుకోవాలి. చేర్చడానికి వెళ్ళేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టు, నెలలోపు తీసిన క్రియాటినిన్, ఇంట్లో వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో (చీటీ ఒక్కటే కాదు, మందుల షాపులో అడిగి కొన్నవి, నాటు మందులు కూడా), రోగి ఆధార్ తీసుకెళ్ళండి. రోగి రావక్కర్లేదు. పొద్దున పదిలోపు వెళ్తే మూడు రోజుల్లో తొలి విజిట్ పడుతోంది. నొప్పి భరించలేనంతగా ఉందని చెబితే మర్నాడే వస్తున్నారు, కాబట్టి మొహమాటపడకుండా చెప్పండి. స్కోప్ కాగితం, ఆర్‌ఎంఐ పత్రం చూపించమని అడగండి. వీళ్ళు చూపిస్తారు, విసుక్కోరు. నంబరు తీసుకున్నాక, సంతకం పెట్టేలోపు, ఆ రోజే రాత్రి పదకొండింటికి ఒకసారి ఫోను చేసి చూడండి. ఎత్తినవాళ్ళు మీ మనిషి పేరు అడిగి, ‘ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?’ అంటారో, ‘తీసుకొచ్చేయండి’ అంటారో విని, మర్నాడు డాక్టరు గారికి అదే చెప్పండి.